డాఫ్నీ పక్క సీటు

టాంక్స్ వాళ్లింట్లో పొద్దున్నే మొదటి పరామర్శ డాఫ్నీకి. రాత్రి చలేసిందా, చెమ్మ తగిలిందా, దుప్పటి జారిందా అని గ్యారేజీ తలుపు తీసి చూసుకుని వచ్చాకే క్లిఫర్డ్ టాంక్స్ టీకి నీళ్లు పెట్టేవాడు. ఆ తరవాత వంతు భార్య ఈనిడ్‌ది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. ఆ సంగతి హేల్స్‌ఓవెన్ ఊళ్లో ఆ వీధి వీధంతటికీ తెలుసు, క్లిఫర్డ్‌కి తప్ప.

డాఫ్నీ అంటే కారు. ఆకుపచ్చ రంగు కెల్బీ, ఇద్దరు పట్టే బండి, యుద్ధం అయిపోయి దేశం కాస్త ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో కవెంట్రీలో తయారైంది. కెల్బీ వాళ్ల ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడక్కడ తివాచీలు అమ్ముతున్నారు. బతికున్న రోజుల్లో వాళ్లు చేసిన కార్లు వానొస్తే లోపల తడిసేవి, ఎండకాస్తే సెగలు కక్కేవి, చలేస్తే మొరాయించేవి. ఈ మూడూ కాక నాలుగో వాతావరణం ఇంగ్లండులో లేకపోవడం ఆ కంపెనీ చేసుకున్న పాపం.

బతికుండగా తిట్టుకున్న మనిషిని పోయాక దేవుణ్ని చేసినట్టు, ఆ కార్లకి ఇప్పుడొక క్లబ్బు ఉంది. వేసవి ఆదివారాల్లో ఎవరో ప్రభువుగారి భవనం వెనక గడ్డి మైదానంలో కార్లు వరసగా నిలబెడతారు. జాగ్వార్ల వాళ్లు ఒక వైపు, ఎమ్.జి.ల వాళ్లు ఒక వైపు, మోరిస్, ఆస్టిన్ సెలూన్ కార్ల వాళ్లు చెట్ల కింద. కెల్బీల వాళ్లు మరుగుదొడ్ల పక్కన. బానెట్లు తెరిచి, మగవాళ్లంతా నడుములు వంచి లోపలికి చూస్తూ నిలబడతారు. ఏం చూస్తున్నారని అడగకూడదు. ఆడవాళ్లు తమ తమ కార్ల వెనక మడతకుర్చీల్లో కూర్చుని గుడ్డు శాండ్‌విచ్‌లు పంచుతారు, స్వెట్టర్లు అల్లుతారు, ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయో చెప్పుకుంటారు. ఈనిడ్ ఆ కుర్చీలో కూర్చుని అల్లిన స్వెట్టర్లతో ఒక బడి పిల్లలందరికీ చలికాలం గడిచిపోతుంది.

డాఫ్నీ అక్కడికి నడిచి రాదు. ట్రెయిలరెక్కి, మేలిముసుగు వేసుకుని వస్తుంది. ఆ ట్రెయిలర్‌ని లాగేది వాళ్ల ముసలి సెలూన్ కారు. ఆ సెలూన్‌లో క్లిఫర్డ్ పక్కన కూర్చున్న ఈనిడ్‌కి దారి పొడుగునా ఒకటే ఉద్యోగం. మెడ వెనక్కి తిప్పి, డాఫ్నీ ముసుగు ఎగురుతోందేమో చూసి చెప్పాలి.

"చూస్తున్నావా?"

"చూస్తున్నా."

"రెప్ప వెయ్యకు ఈనిడ్. కుడి పక్క అంచు వదులుగా ఉంది."

"నాదా, దానిదా?"

ఇలాంటివి క్లిఫర్డ్ చెవికెక్కవు. ఆయన చెడ్డవాడని కాదు. తాగడు, చెయ్యెత్తడు, పరాయి ఆడదాని వంక చూడడు. గ్యాస్ ఆఫీసులో బల్ల ముందు జీవితమంతా కూర్చుని వచ్చిన మనిషి. ఒక మనిషికి ఉండాల్సిన ప్రేమ ఆయనకీ ఉంది, కాకపోతే అది గ్యారేజీ దాటి వంటింటి దాకా వచ్చేసరికి పెట్రోలు అయిపోయేది.

ఇంతకీ ఈనిడ్ ఈ కారు ఎక్కని మనిషి కాదు. పెళ్లయిన వారానికి వాళ్లిద్దరూ వేల్స్‌లో బార్మత్ సముద్రతీరానికి వెళ్లింది ఈ డాఫ్నీలోనే. అప్పటికి దానికి పేరు లేదు, అది ఎవరి దగ్గరో కొన్న పాత కారు, అంతే. వేల్స్ కొండల మీద, దిగువన డోల్గెల్లీ ఊరు కనిపించే మలుపుకి ముందు, ఎప్పట్లాగే అది పొగలు కక్కి ఆగింది. వాన తెరిపిచ్చింది. పైకప్పు గుడ్డ వెనక్కి మడిచి, రోడ్డు పక్కన కారులోనే కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకున్నారు. ఈనిడ్ పసుపుపచ్చ గౌను వేసుకుంది. అలాంటి సంతోషం తనకి ముందెప్పుడూ తెలియదు. కప్పు నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఇంకో కెల్బీ వచ్చింది.

కెల్బీ వాళ్లకి ఒక ఆచారం ఉంది. దారిలో ఇంకో కెల్బీ ఎదురైతే చెయ్యి ఊపి తీరాలి. ఊపకపోతే చుట్టరికం తెగిపోయినట్టే లెక్క. కొత్త పెళ్లికొడుకు క్లిఫర్డ్ ఒక చెయ్యి చాలదనుకుని రెండు చేతులూ ఎత్తేశాడు. ఎడమ మోచెయ్యి కప్పుకి తగిలింది. టీ అంతా ఈనిడ్ గౌను మీదుగా సీటు మీదికి పారింది.

ఆ మరక పోలేదు. వేయించిన గుడ్డు ఆకారంలో, సీటు అంచున అలాగే ఉండిపోయింది. మరకకి కారణం మాత్రం రాన్రాను మారిపోయింది. "ఇదా? ఇది మా ఆవిడ ఘనకార్యం," అని క్లిఫర్డ్ చూపించేవాడు. మొదటిసారి ఈనిడ్ నవ్వి ఊరుకుంది, కొత్త కదా. రెండోసారి నలుగురిలో మొగుణ్ని ఎందుకు చిన్నబుచ్చడం అని ఊరుకుంది. ఆ తరవాత చెప్పినా నమ్మేవాళ్లు లేరు. అబద్ధం పాతబడితే దాన్ని కదపడం ఎవరి తరమూ కాదు, అందులోనూ చెప్పేవాడికి అది అబద్ధమని గుర్తే లేనప్పుడు.

తరవాత సెలూన్ కారు వచ్చింది, డాఫ్నీ మూలపడింది. రిటైరయ్యాక క్లిఫర్డ్ దాన్ని నట్టూ బోల్టూ విడదీసి, తోమి, రంగేసి, మళ్లీ పేర్చాడు. పేరు పెట్టింది అప్పుడే. అది మెరిసిపోతూ నిలబడిన రోజున ఈనిడ్ మంచి కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చి తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"ఆగాగు! ఏం చేస్తున్నావ్?"

"కూర్చుంటున్నా."

"కూర్చుంటే తోలు ముడతలు పడదూ? కప్పు రానీ. వచ్చాక నీ ఇష్టం, బార్మతే తీసుకెళ్తా."

కప్పంటే క్లబ్బు వాళ్లు ఏటా ఇచ్చే వెండి గిన్నె. క్లిఫర్డ్‌కి అది ఏటా తప్పిపోయేది. ఏటా కారణం ఒకటే: సీటు మీద మరక. ఏటా ఆయన ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని, ఒక్క మాటా అనకుండా ఈనిడ్ చేతిలోని టీ కప్పు వంక చూసేవాడు. తిట్టినా బాగుండేది. బార్మత్ ఏటా ఒక ఏడాది వెనక్కి జరిగేది.

ఆఖరికి తెగించాడు. వాల్సాల్‌లో గుర్రపు జీనులు కుట్టే ఆయన దగ్గరికి పక్క సీటు మోసుకెళ్లి, కొత్త తోలు వేయించాడు. పాత తోలు చెత్తడబ్బాలో పడేశాడు. ఆ సాయంత్రం ఈనిడ్ దాన్ని బయటికి తీసింది. ఎందుకు తీసిందో ఆమె కూడా చెప్పలేకపోయేది. కాసేపు ఒళ్లో పెట్టుకుంది. తరవాత తనని చూసి తనే సిగ్గుపడి, లోపల పాత దూది కుక్కి, మోకాళ్ల కింద వేసుకునే దిండు కుట్టుకుంది. చిక్కుడు పాదుల్లో కలుపు తీసేటప్పుడు పనికొచ్చింది. తన మోకాళ్లకి ఆ కారు చేసిన మొదటి ఉపకారం అదే.

ఆ ఏడు పోటీకి కొత్త జడ్జి వచ్చాడు, క్వెంటిన్ లేసీ అని. పొడుగాటి మనిషి, అతి మెత్తని గొంతు. జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి డాఫ్నీ చక్రం వెనక తుడిచి చూశాడు. రుమాలు తెల్లగానే వచ్చింది. క్లిఫర్డ్ లోలోపల చంకలు గుద్దుకున్నాడు. ఇంజను చూశాడు, తల ఊపాడు. తలుపు తీశాడు, పక్క సీటు చూశాడు. శవం దగ్గరికి వచ్చినవాడిలా ఆగిపోయాడు.

"మిస్టర్ టాంక్స్, దీని పాత తోలేదండీ?"

"పారేశానండీ!" అన్నాడు క్లిఫర్డ్, పతకం కోసం రొమ్ము చూపించినట్టు.

"పారేశారా?"

"దరిద్రపు మరక ఒకటి ఉండేదండీ. టీ. పెళ్లైన వారానికి మా ఆవిడ బార్మత్ దారిలో ఒలకబోసింది."

లేసీ కళ్లు మూసుకున్నాడు. "కొత్త పెళ్లికూతురు... కొండదారి... టీ. అయ్యయ్యో, ఎంత పని చేశారండీ! కారు బతికిన బతుకంతా ఆ మరకలో ఉంది. ఇదేముంది? ఇది సోఫా."

 తళతళలాడితే చాలదని, ఇప్పుడు వయసు కనపడాలని, ముడతకీ మరకకీ మార్కులని క్లబ్బు పెద్దవాళ్లు కిందటి చలికాలంలోనే తీర్మానించుకున్నారట. ఇన్నేళ్లూ మరకకి మార్కులు కోసింది కూడా ఆ పెద్దవాళ్లే. అడిగేవాడు లేడు. ఆ ఏటి కప్పు రెజ్ పాజెట్‌కి వెళ్లింది. అతని కెల్బీ సీటుని ఎలకలు కొరికేశాయి, బద్ధకం కొద్దీ అతను బాగుచేయించలేదు. లేసీ ఆ కన్నాల్లో వేలు పెట్టి చూసి పులకరించిపోయాడు.

"ఆ కప్పు ఎలక్కివ్వాల్సింది," అంది ఈనిడ్ మడతకుర్చీలోంచి.

వెళ్లేముందు లేసీ క్లిఫర్డ్ భుజం తట్టాడు. "ఆ తోలు ఎక్కడైనా దొరికితే వచ్చే ఏడు తీసుకురండి. ఇంక నేను పైకి చెప్పకూడదు."

ఇంటికి రాగానే క్లిఫర్డ్ చెత్తడబ్బాలో తల దూర్చాడు, నెలల కిందటి చెత్త తనకోసం ఆగి ఉంటుందన్నట్టు. కొట్లో వెతికాడు, అటక మీద వెతికాడు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి పెరట్లోకి వచ్చాడు. ఈనిడ్ చిక్కుడు పాదు దగ్గర మోకాళ్ల మీద ఉంది. ఆమె కుడి మోకాలి పక్కనుంచి, మట్టి కొట్టుకుని, వేయించిన గుడ్డు సగం కనిపించింది.

 క్లిఫర్డ్ నోట ఆమె వైపుగా కొత్త మాట వచ్చింది.

"బంగారం..."

ఈనిడ్ వెనక్కి తిరిగి గ్యారేజీ వైపు చూసింది. ఆ పిలుపు వినపడితే అటు చూడడం ఆమెకి అలవాటు.

"నిన్నే బంగారం. ఒకసారి లే. మెల్లిగా. మోకాలు రాసుకోకుండా లే."

"అబ్బో! నా మోకాళ్ల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందయ్యా?" అంటూ కిందికి చూసింది. అర్థమైంది. లేవలేదు. ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"అది మన మరక ఈనిడ్! మన పెళ్లి గుర్తు!"

"నిన్నటిదాకా నా ఘనకార్యం."

"ఏదో అంటాంలే. ఇచ్చెయ్."

"ఇస్తా. బార్మత్ తీసుకెళ్లు. ట్రెయిలర్ మీద కాదు, నువ్వు నడుపుతుంటే పక్కన నేను కూర్చోవాలి. ఇదే తోలు మీద."

"తప్పకుండా. కప్పు రాగానే..."

"కప్పుకి ముందు."

"వాన పడితే?"

"వేల్స్‌లో వాన కాక ఇంకేం పడుతుంది? వెళ్లినప్పుడు పడలేదా?"

క్లిఫర్డ్ గ్యారేజీలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ తరవాత వారాల తరబడి ఇంట్లో మాటల్లేవు. ఈనిడ్ రాత్రిళ్లు ఆ దిండుని తలగడ కింద పెట్టుకునేది. పొగరుబోతుతనం అనుకుంటే అనుకోండి, ఆమెకి భయం వేసింది. ఇదీ పోతే ఆ కారులో తను ఒకప్పుడు కూర్చుందనడానికి గుర్తేమీ మిగలదు. కప్పు వచ్చినా రాకపోయినా ఆయనకి డాఫ్నీ ఉంటుంది. తనకి మడతకుర్చీ ఉంటుంది.

చివరికి క్లిఫర్డ్‌ని ఒప్పించింది ప్రేమ కాదు, రెజ్ పాజెట్. ఫోన్ పెట్టేసి క్లిఫర్డ్ వెలిగిపోతున్న మొహంతో వంటింట్లోకి వచ్చాడు.

"రెజ్ ఏమన్నాడో తెలుసా? పాత తోలు మళ్లీ కుట్టాక ఎవరైనా ఎక్కువసేపు కూర్చోవాలట, అప్పుడే పాత ముడతలు ఒదుగుతాయట. నీ బరువు దానికి సరిగ్గా సరిపోతుందన్నాడు!"

ఈనిడ్‌కి ఒళ్లు మండిపోయింది. చేతిలో అట్లకాడ ఉంది. అయినా బార్మత్ గుర్తుకొచ్చి, దిండు కుట్లు విప్పి తోలు చేతికిచ్చింది.

వాల్సాల్ ఆయన తోలు తిప్పి తిప్పి చూసి, "నేను వేసిన కొత్తది పీకి ఇది వెయ్యాలా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, ఈ లోకం మీద ఆశ వదులుకుని కుట్టి ఇచ్చాడు.

మే నెలలో బయల్దేరారు. ఈనిడ్ మంచి కోటు వేసుకుంది. పసుపుపచ్చ గౌను ఇప్పుడు పట్టదు కాబట్టి పసుపుపచ్చ రుమాలు తలకి కట్టుకుంది. తలుపు తీస్తే సీటు మీద దళసరి పాలిథిన్ కాగితం పరిచి ఉంది.

"ఇదేంటి?"

"ముడతలకి బరువు చాలు ఈనిడ్. ఒళ్లు తగలక్కర్లేదు."

ఆమె కూర్చుంది. కదిలినప్పుడల్లా కాగితం కరకరలాడింది. ష్రూస్‌బరీ ఊరు దాటేదాకా క్లిఫర్డ్ ఇంజను చప్పుడు వినడానికి అడ్డమని ఆమెని కదలొద్దన్నాడు. మాట్లాడొద్దని కూడా అన్నాడు. గేరు మార్చినప్పుడల్లా "శభాష్ బంగారం" అన్నాడు. అది ఎవరికో ఈనిడ్ ఈసారి పొరబడలేదు. వెనక లారీలు బారులు తీరి హారన్లు మోగిస్తే, జనం తన కారుని చూసి ముచ్చటపడుతున్నారనుకుని చెయ్యి ఊపాడు.

కొండెక్కారు. డోల్గెల్లీ కనిపించే మలుపుకి ముందు డాఫ్నీ పొగలు కక్కింది. అంత ఖర్చుపెట్టి అచ్చం పాతదానిలా చేశాడు మరి, అది మాట నిలబెట్టుకుంది. అదే చోట ఆగారు. తుంపర మొదలైంది. క్లిఫర్డ్ దిగి బానెట్ ఎత్తాడు. ఈనిడ్ ఫ్లాస్కు మూత తీసింది.

"లోపల కాదు! దిగి తాగు!"

దిగింది. తుంపరలో నిలబడి, కొండ వంక చూస్తూ కప్పులో టీ పోసుకుంది. బానెట్ వెనకనుంచి క్లిఫర్డ్ గొంతు హుషారుగా వస్తోంది. జడ్జికి చెప్పాల్సింది సాధన చేసుకుంటున్నాడు.

"ఇక్కడేనండీ, సరిగ్గా ఇదే చోట. మా ఆవిడకి అప్పుడు చిన్నతనం. కిలకిలా నవ్వుతూ, చెయ్యి జారి, టీ ఒలకబోసేసింది... ఎలా ఉంది ఈనిడ్? కిలకిలా బాగుందా?"

"నేను ఒలకబోయలేదు క్లిఫ్."

"ఆఁ?"

"నీ మోచెయ్యి. ఎదురుగా ఇంకో కెల్బీ వచ్చింది. రెండు చేతులూ ఎత్తావు. నా కప్పు ఎగిరిపోయింది. గౌను పాడైంది, తొడ కాలింది. 'కాలిందా' అని కూడా అడగలేదు నువ్వు. అది మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయావు."

బానెట్ పక్కనుంచి క్లిఫర్డ్ తల బయటికి వచ్చింది. మొహం పాలిపోయింది. కళ్లు ఎక్కడో వెతుక్కుంటున్నాయి. నిజంగానే కదిలిపోయాడు. ఈనిడ్ ఒక అడుగు ముందుకి వేసింది. ఇన్నేళ్లకి అడుగుతాడు, కాలిందా అని.

"ఇంకో కెల్బీనా?" అన్నాడు క్లిఫర్డ్. "ఏ రంగు?"

 ఈనిడ్ కారు చుట్టూ నడిచి వెళ్లి, డ్రైవరు వైపు తలుపు తీసింది. ఆ సీటు తోలు కవెంట్రీలో కుట్టినప్పటిది, ఇంతవరకు చుక్క మచ్చ పడనిది, క్లబ్బులో పదిమంది వంగి చూసి అసూయపడేది. దాని నడిమధ్యన కప్పులో టీ నిదానంగా, ఆఖరి బొట్టు దాకా పోసింది. చాలదనిపించి ఫ్లాస్కులో మిగిలింది కూడా పోసింది. ఇలా తిరిగొచ్చి, తన సీటు మీది పాలిథిన్ కాగితం చర్రున లాగి రోడ్డు పక్కన చెత్తబుట్టలో పడేసి, తోలు మీద హాయిగా కూర్చుంది.

క్లిఫర్డ్ తన సీటు వైపు పరుగెత్తబోయాడు.  సరిగ్గా అప్పుడే దిగువనుంచి ఎర్ర ఎమ్.జి. కారు ఒకటి కొండెక్కుతూ వచ్చింది. పాత కార్లన్నీ కరువైపోయిన ఈ రోజుల్లో, కెల్బీయే కానక్కర్లేదు, ఏది ఎదురైనా ఊపుకుంటున్నారు. అందులో ఉన్నవాడు దీపాలు ఆర్పి వెలిగించి చెయ్యి ఊపాడు. క్లిఫర్డ్ రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచాయి. అది మలుపు తిరిగేదాకా తల దాని వెంబడే తిరిగింది.

ఈనిడ్‌కి నవ్వు ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు కారేంత నవ్వింది. ఆ నీళ్లన్నీ నవ్వువే అని ఆమె కూడా అనుకోలేదు.

"ఇదిగో, ఇలాగే," అంది. "చేతులు అక్కడ, మొహం అక్కడ, టీ ఇక్కడ."

క్లిఫర్డ్ ఇంకా పైకే ఉన్న తన చేతుల్ని చూసుకున్నాడు. ముందు ఒకటి దించాడు, తరవాత రెండోది. వాన పెద్దదైంది. బానెట్ మూసి, వచ్చి, తలుపు దగ్గర నిలబడి తన సీటు చూశాడు. ఇంకా ఆవిరి లేస్తోంది.

"కాలిందా?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో. అడిగింది ఆమెనో తోలునో చెప్పడం కష్టం. ఈనిడ్ అది తననే అనుకోవడానికి నిశ్చయించుకుంది.

"కాలింది. వారం రోజులు మందు రాసుకున్నా. కూర్చో."

"తడిగా ఉంది ఈనిడ్."

"తెలుసు. నేను ఆ రోజు బార్మత్ దాకా అలాగే కూర్చున్నా."

క్లిఫర్డ్ తడిలో కూర్చున్నాడు.  ఈలోగా చల్లారిన బండిని కదిలించాడు. మలుపు తిరిగాక, రోడ్డు మీదినుంచి కళ్లు తీయకుండా, "జడ్జికి ఏం చెప్పాలి?" అని అడిగాడు.

"ఒకటి నీది, ఒకటి నాదని చెప్పు," అంది ఈనిడ్, తలకి కట్టిన రుమాలు బిగించుకుంటూ. "ఏది ఎవరిదో ఈసారి తప్పు చెప్పకు."